సైకియాట్రిస్టా, సైకాలజిస్టా: తమ్ముణ్ణి ముందు ఎవరికి చూపించాలి?

అన్నా, మీ తమ్ముడు మూడు వారాలుగా సరిగ్గా నిద్రపోవడం లేదని, అన్నం కలిపి, తినకుండానే లేచిపోతున్నాడని రాశారు. హన్మకొండలో ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలని అడిగారు. నిద్ర, తిండి రెండూ దెబ్బతిన్నాయి కాబట్టి ముందు సైకియాట్రిస్టుకే చూపించండి. ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ గానీ డీపీఎం అనే డిప్లొమా గానీ చేసిన డాక్టర్లు వీళ్లు. మందులు రాస్తారు, అవసరమైతే థైరాయిడ్ పరీక్ష కూడా చేయిస్తారు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది.

మా చిన్నమ్మకు ఇలాగే అయితే మేం న్యూరాలజిస్టు చుట్టూ తిరిగి నెల రోజులు పోగొట్టుకున్నాం. ఫిట్స్, పక్షవాతం లాంటివి ఆయన చూసేవి. మీరు ఆ పొరపాటు చేయకండి.

క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. ముప్పావు గంట, గంట కూర్చోబెట్టి మాట్లాడించి, వారం వారం రమ్మంటారు. మందుతో నిద్ర కాస్త కుదుటపడ్డాక ఇది బాగా పనిచేస్తుంది. బోర్డు మీద పేరు చూసి వెళ్లకుండా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. కౌన్సెలర్లలో మంచివాళ్లు ఉన్నారు, పరీక్షల టెన్షన్‌కు, ఇంటి గొడవలకు వాళ్లు చాలు. కానీ నాలుగు వారాల కోర్సు చేసినవాళ్లూ అదే పేరు పెట్టుకుంటున్నారు, ఏం చదివారో కనుక్కోండి.

తమ్ముడు రానంటే ‘నిద్ర కోసం ఒకసారి చూపిద్దాం’ అనండి, అది అబద్ధం కాదు కదా. ఈలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు (14416) మీరే ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.