డచ్ పెయింటింగ్స్‌తో కొలాజ్ చేయడానికి మీ ఎస్సెమ్మెస్‌లు ఎందుకు?

ప్రశ్న: మా పాప స్కూల్ ప్రాజెక్టుకి పాతకాలపు డచ్ చిత్రకారులు రెంబ్రాంట్, వెర్మీర్ బొమ్మలతో డిజిటల్ కొలాజ్ (ముక్కలు కత్తిరించి కలిపి చేసే బొమ్మ) చేస్తున్నాం. గూగుల్‌లో దొరికినవి పెద్దవి చేస్తే మసకబారుతున్నాయి. ఒక సైట్ "హెచ్‌డీ ఆర్ట్ ప్యాక్" కావాలంటే యాప్ వేసుకోమంటోంది. అదేమో ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ పర్మిషన్లు అడుగుతోంది. ఇవ్వచ్చా?

జవాబు: ఇవ్వొద్దు. ఆ యాప్ అసలు వేసుకోవద్దు. వేరే వేరే మాటల్లో ఇదే ప్రశ్న చాలామంది పంపుతున్నారు కాబట్టి వివరంగానే చెబుతాను.

యాక్సెసిబిలిటీ అనేది చూపు సరిగా లేనివాళ్లు, చేతులు సహకరించనివాళ్లు ఫోన్ వాడుకోవడానికి పెట్టిన సదుపాయం. అది చేతికొచ్చిన యాప్ మీ స్క్రీన్ మీద కనిపించేదంతా చదవగలదు, మీ బదులు తనే బటన్లు నొక్కగలదు. దానికి ఎస్సెమ్మెస్ కూడా తోడైతే ఓటీపీ మీరు చూసేలోపే దానికి అందుతుంది, ఖాతా ఖాళీ చేయడానికి ఇంకేం కావాలి? ఇప్పటికే ఇచ్చేసి ఉంటే వెంటనే నెట్ ఆపేయండి, యాప్ తీసేయండి, మామూలుగా పోకపోతే సేఫ్ మోడ్‌లోకి (మనం వేసుకున్న యాప్‌లు పనిచేయకుండా ఫోన్ తెరుచుకునే పద్ధతి) వెళ్లి తీయండి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి బ్యాంకుకి చెప్పండి. డబ్బు పోయిందా, రేపు చూద్దామనుకోకుండా అప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అసలు బాధేమిటంటే ఈ బొమ్మల కోసం ఎవరి యాప్ గడపా తొక్కనక్కర్లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం 2012 నుంచే తన సేకరణలోని బొమ్మలను పెద్ద సైజు ఫైళ్లుగా ఉచితంగా ఇస్తోంది, కత్తిరించుకుని కొత్తవి చేసుకోమని తనే ప్రోత్సహించింది, బాగా చేసినవాళ్లకి అవార్డులూ ఇచ్చింది. రెంబ్రాంట్ పోయింది 1669లో, వెర్మీర్ 1675లో, కాబట్టి కాపీరైట్ టెన్షన్ లేదు. రెంబ్రాంట్ 1642లో వేసిన 'నైట్ వాచ్'ని 8,439 ఫొటోలు కలిపి 717 గిగాపిక్సెళ్ల (అంటే 71,700 కోట్ల చుక్కల) బొమ్మగా 2022లో పెట్టారు, జూమ్ చేస్తే రంగులో పగుళ్లు కూడా కనిపిస్తాయి, పాపకి తప్పకుండా చూపించండి. కొలాజ్‌కి మాత్రం మామూలు డౌన్‌లోడ్ చాలు, ఏ4 కాగితం మీద శుభ్రంగా ప్రింట్ రావడానికి 2480 × 3508 పిక్సెళ్లు సరిపోతాయి. వెర్మీర్ 'ముత్యపు చెవిపోగు అమ్మాయి' కోసం రైక్స్‌మ్యూజియంలో వెతక్కండి, అది ద హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. ఇంకొకటి, 'నైట్ వాచ్' నాలుగున్నర మీటర్ల వెడల్పు, వెర్మీర్ 'మిల్క్‌మెయిడ్' అర మీటరు కూడా లేదు. స్క్రీన్ మీద రెండూ ఒకే సైజులో కనిపిస్తాయి కాబట్టి పక్కపక్కన పెట్టేముందు పాపకి ఈ సంగతి తెలియాలి.

ఇక ప్లే స్టోర్‌లో దొరికే కొలాజ్ యాప్‌ల మీద కూడా నాకు కోపమే. చాలావాటికి గ్యాలరీ మొత్తం కావాలి. మన గ్యాలరీలో ఏముంటాయి? ఆధార్ ఫొటో, పాన్ కార్డు, పాస్‌బుక్ మొదటి పేజీ, పిల్లల స్కూల్ ఐడీ. ఎంచుకున్న ఫొటోలు మాత్రమే ఇచ్చే వీలు ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ వచ్చి ఏళ్లయింది, అయినా వాడుకోని యాప్ తయారీదారులది ఒళ్లు బద్ధకమైనా అయ్యుండాలి, మీ ఫొటోల మీద ఆశైనా అయ్యుండాలి. పైగా "మూడు రోజులు ఫ్రీ" అని యూపీఐ ఆటోపే (గడువు రాగానే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) పెట్టించుకుంటారు. యాప్ తీసేస్తే అది ఆగిపోతుందని చాలామంది అనుకుంటున్నారు, ఆగదు. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసి, యూపీఐ యాప్‌లో మ్యాండేట్ (ఆటోపేకి మీరిచ్చిన అనుమతి) కూడా పోయిందో లేదో చూసుకోండి.

కంప్యూటర్ ఉంటే బొమ్మలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్‌లు గింప్ గానీ క్రిటా గానీ వాటి సొంత సైట్ నుంచే దించుకోండి, రెండూ ఉచితం. ఏమీ ఇన్‌స్టాల్ చేయడం ఇష్టం లేకపోతే బ్రౌజర్‌లోనే పనిచేసే ఫొటో ఎడిటర్ ఫొటోపియా ఉంది, ఫైల్ మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఎరేజర్‌తో చెరపకుండా లేయర్ మాస్క్ (అక్కర్లేని భాగాన్ని చెరపకుండా దాచి ఉంచే సదుపాయం) వాడితే కత్తిరించిన అంచు ఎప్పుడైనా సరిదిద్దుకోవచ్చు. పూర్తయ్యాక టీచర్‌కి వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సైజు కుదించేసి మళ్లీ మసక మసకగానే చేరుతుంది.