ఇళ్లలో తక్కువ తడితో కార్పెట్ క్లీన్ చేయడానికి ఏ మెషీన్ కొనాలి?

మీరు అమెరికాలో, నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో హౌస్ క్లీనింగ్ చేస్తున్నారు. కార్పెట్లు కూడా చేయమని ఇళ్లవాళ్లు అడుగుతున్నారు. కార్పెట్‌లోకి వేడినీళ్లు కొట్టి మురికితో సహా లాగేసే (హాట్ వాటర్ ఎక్స్‌ట్రాక్షన్) ట్రక్కు పెట్టుకునేంత డబ్బు ఇప్పుడు లేదు. అందుకని గుండ్రటి ప్యాడ్ గిర్రున తిరిగే పాత 17 అంగుళాల రోటరీ కొనాలా, రెండు బ్రష్‌లు తిరిగే మెషీన్ కొనాలా, ఆర్బిటల్ కొనాలా అని అడిగారు. నేను డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ఇళ్లలో ఇదే పని చేస్తాను. ఒక్కటే కొనగలిగితే ఆర్బిటల్ ప్యాడ్ మెషీన్ కొనండి. బ్రష్ మెషీన్ తర్వాత కొనుక్కోవచ్చు. రోటరీ ఎంత చవగ్గా దొరికినా ఇళ్ల పనికి మొదటి మెషీన్‌గా వద్దు.

రోటరీ ఎందుకు వద్దంటున్నానో ముందు చెబుతాను. ఆఫీసుల్లో ఎక్కువగా ఉండేది లూప్ కార్పెట్, అంటే నూలు పోగు మెలిక తిరిగి మళ్లీ కిందికే దిగి ఉంటుంది. ఇళ్లలో ఎక్కువగా ఉండేది కట్ పైల్, పోగు కొసలు తెగి పైకి నిలబడి ఉంటాయి. రోటరీ నిమిషానికి 175 చుట్లు ఒకే దిక్కున తిరుగుతుంది. కట్ పైల్ మీద ప్యాడ్ కాస్త ఆరితే చాలు, కొసల పురి విడిపోతుంది, గుండ్రటి గీతలు పడతాయి. పురి విడిపోయిన పోగును మళ్లీ బాగుచేయడం ఎవరి తరమూ కాదు. చెయ్యి తిరిగినవాళ్లు రోటరీతో అందంగా పని చేస్తారు, కాదనను. కానీ ఆ చెయ్యి కుదిరేదాకా మీరు నేర్చుకునేది వేరేవాళ్ల ఇంటి కార్పెట్ మీద.

ఆర్బిటల్‌లో ప్యాడ్ ఒక చోట గిర్రున తిరగదు. మోటారు నిమిషానికి వెయ్యికి పైగా చిన్న చిన్న కదలికలతో దాన్ని అన్ని వైపులకూ ఆడిస్తుంది. పోగుకు అన్ని పక్కలా రాపిడి తగులుతుంది, పురి చెదరదు. హ్యాండిల్ చేతిలోంచి లాక్కుపోదు కాబట్టి మొదటి రోజే అదుపులోకి వస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, మురికి ప్యాడ్‌కి అంటుకుని అప్పుడే బయటికి వచ్చేస్తుంది. ఎన్‌క్యాప్ కెమికల్‌తో (మురికిని చుట్టుకుని ఆరిపోయే ద్రావణంతో) బ్రష్ మెషీన్ ఒక్కటే వాడితే మురికి కార్పెట్‌లోనే ఉండి, కెమికల్ ఆరి పెళుసుగా అయ్యాక వాక్యూమ్‌తో రావాలి. ఆఫీసులో రోజూ వాక్యూమ్ చేసేవాళ్లు ఉంటారు. ఇంట్లో వారానికోసారి చేస్తే గొప్ప. పసిపిల్లలు నేల మీద పాకే ఇంట్లో ఆ మురికి నాతోపాటే బయటికి వెళ్లాలని నా పట్టుదల.

బ్రష్ మెషీన్ తక్కువదేమీ కాదు. తడి పెట్టకముందు దాన్ని పొడిగా నడిపితే వాక్యూమ్‌కి రాని జుట్టు, కుక్క బొచ్చు, అడుగున ఇసుక ఎంత పైకి లేస్తాయో చూస్తే ఆశ్చర్యపోతారు. పౌడర్ చల్లి చేసే పూర్తి పొడి పద్ధతికి కూడా అదే కావాలి. రెండో మెషీన్‌గా అదే కొనండి. పొడుగు పోగుల షాగ్ మీద మాత్రం నడపొద్దు, పోగులు బ్రష్‌కి చుట్టుకుంటాయి.

కొనేముందు బరువు చూడండి. ఆఫీసు పనికి చేసిన పెద్ద మెషీన్లు వంద పౌన్లు దాటతాయి, అవి మంచివే. కానీ ఇళ్లలో బెడ్‌రూములు మేడమీద ఉంటాయి, మీరేమో ఒంటరిగా వెళ్తారు. ఒక్కరే మెట్లెక్కించగలిగినదే మీ మెషీన్. దుకాణంలో నేల మీద తోసి చూస్తే సరిపోదు, ఎత్తి చూడండి. మెట్లకు మాత్రం ఏ పెద్ద మెషీనూ పనికిరాదు, కారు పాలిష్ చేసే చేతి ఆర్బిటల్‌కి చిన్న ప్యాడ్ తగిలించి చేస్తాం. ఇక కరెంటు సంగతి. ఇళ్లలో చాలా సాకెట్లు 15 ఆంప్ సర్క్యూట్ మీద ఉంటాయి. మెషీన్, వాక్యూమ్ రెండూ ఒకే గదిలో పెడితే బ్రేకర్ పడిపోవచ్చు, వేరే సర్క్యూట్‌దాకా అందే మంచి వైరు దగ్గర పెట్టుకోండి.

అయితే మెషీన్ కన్నా ముందు వాక్యూమ్ మీద డబ్బు పెట్టండి. కార్పెట్‌లో ఉండేది ఎక్కువగా పొడి దుమ్ము, ఇసుక. దాన్ని తీయకుండా తడి కొడితే బురద చేసినట్టే. కార్పెట్ తయారీదారుల సంఘమైన కార్పెట్ అండ్ రగ్ ఇన్‌స్టిట్యూట్ వాక్యూమ్‌లను పరీక్షించి ఆమోద ముద్ర ఇస్తుంది. ఆ ముద్ర ఉన్న, కింద బ్రష్ తిరిగే అప్‌రైట్ (నిలబడి తోసే రకం) తీసుకోండి. నేను ఒక గదిలో మెషీన్ నడిపే సమయం కన్నా వాక్యూమ్ చేసే సమయమే ఎక్కువ.

కెమికల్ కొనేటప్పుడు ఒక పరీక్ష చేయండి. కలిపిన ద్రావణాన్ని గాజు పళ్లెంలో కొంచెం పోసి ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. గీకితే పొడిలా, పెచ్చుల్లా రాలాలి. వేలికి జిగురుగా అంటుకుంటే ఆ డబ్బా వద్దు, అది కార్పెట్‌లో కూర్చుని కొత్త దుమ్మును పట్టుకుంటుంది. పోగు దేనితో చేశారో కూడా తెలుసుకోండి. క్లాజెట్ మూల నుంచి ఒక పోగు తీసి సబ్బు చుక్క కలిపిన నీళ్లలో ముంచి చూడండి. తేలితే ఒలెఫిన్ అనే ప్లాస్టిక్ పోగు. నైలాన్, పాలియెస్టర్ మునుగుతాయి. ఒలెఫిన్, పాలియెస్టర్ నూనెను వదలవు కాబట్టి వాటికి కెమికల్ వేసి పది పదిహేను నిమిషాలు నాననివ్వాలి. ఊలు అయితే క్షారం ఎక్కువున్నది తగలనివ్వొద్దు.

మీకు పిలుపులు ఎక్కువగా మనవాళ్ల ఇళ్ల నుంచే వస్తాయనుకుంటాను. మనం చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తాం, ఇసుక తక్కువ. కానీ రోజూ పెట్టే పోపు నూనె ఆవిరి, నూనె అంటిన పాదాలు, వీటివల్ల వంటింటి నుంచి సోఫా దాకా నల్లటి దారి పడుతుంది. దానికి నూనె విరిచే బూస్టర్ కలపాలి. పసుపు మరక విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, క్షారపు స్పాటర్ (మరకలు తీసే మందు) కొడితే కార్పెట్ మీద సాంబారు మరకకీ అదే జరుగుతుంది. ఇంటావిడ గుండె గుభేలుమంటుంది. తటస్థమైన దానితో అద్ది, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని ముందు కనబడని మూల పరీక్షించి వాడండి. మిగిలిన లేత పసుపు ఛాయ ఎండ తగిలితే కొంత తగ్గుతుంది. ఎవరైనా వరంగల్ జంపఖానా తెచ్చి ఇదీ చేయండంటే మెషీన్ పెట్టకండి. అది నేత నూలు, రంగు దిగొచ్చు, ముడుచుకోవచ్చు.

తక్కువ తడికి ఒప్పుకోకూడని పనులు కూడా ఉన్నాయి. కుక్క, పిల్లి మూత్రం కార్పెట్ కింద పరిచే మెత్తలోకి, అంటే ప్యాడింగ్‌లోకి దిగి ఉంటే పైపైన ఎంత రుద్దినా వాసన పోదు. నీళ్లు పట్టించి లాగేయాలి, లేదా ప్యాడింగ్ మార్చాలి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని అద్దె ఇల్లు కూడా వేడినీళ్ల పనే. కొన్ని కార్పెట్ కంపెనీలు వారంటీ నిలవాలంటే హాట్ వాటర్ ఎక్స్‌ట్రాక్షన్ చేయించాలని రాస్తాయి, ఇల్లు కొత్తదైతే ఆ కాగితం చూడమనండి. ట్రక్కు ఉన్నవాళ్లు ఒకరిద్దరితో పరిచయం పెట్టుకుని అలాంటి పనులు వాళ్లకి పంపండి, వాళ్లు చిన్న పనులు మీకు పంపుతారు. మన పద్ధతి బలమంతా ఒకటి రెండు గంటల్లో ఆరిపోవడంలో ఉంది. పొద్దున చేస్తే సాయంత్రం వ్రతానికి అతిథులు కూర్చోవచ్చు. అలాంటి పనులే వెతుక్కోండి.

సెకండ్ హ్యాండ్ ఆర్బిటల్ దొరికితే వెనకాడకండి, కానీ ప్యాడ్ పెట్టి కాసేపు నడిపి చూడండి. బేరింగ్ అరిగితే గరగరమంటుంది, హ్యాండిల్ చేతులు తిమ్మిరెక్కేలా వణుకుతుంది. వైరు మొదలు దగ్గర పగుళ్లు చూడండి. మిగిలిన డబ్బుతో ప్యాడ్‌లు కొనండి, గదికి ఒకటి రెండు మురికవుతాయి, రెండు పక్కలా వాడుకోవచ్చు. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయొద్దు, వేస్తే ప్యాడ్ తడిని పీల్చదు.