బోరు ఎండబెట్టిన అన్నకు మైత్రి

“మనకు అన్యాయం చేసినవాడు సుఖంగా ఉండాలని మనసులో అనుకుంటే అది ఆత్మవంచన కాదా?” అని మైత్రీ ధ్యానం (అందరి మేలూ కోరుకునే ధ్యానం) మొదలుపెట్టిన మీరు అడిగారు. కాదు. కానీ మీరు మొదటి రోజే ఆ మనిషిని మనసులో ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉంటారు. అక్కడే తేడా వచ్చింది.

మాది మునుగోడు వైపు. నాలుగెకరాల బత్తాయి తోట ఉండేది. మా పెదనాన్న కొడుకు మా బోరుకు ముప్పై అడుగుల దూరంలో, గట్టుకు అవతల, రాత్రికి రాత్రి బోరు వేయించాడు. వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం ప్రకారం తీసుకోవలసిన అనుమతి తీసుకోలేదు. ఆ వేసవిలోనే మా మోటారు నీళ్లు మానేసి గాలి కక్కింది. పదేళ్లు పెంచిన చెట్లు ఆకులు ముడుచుకుని నిలువునా ఎండిపోయాయి. కొట్టించి కట్టెల కింద అమ్మాను. తర్వాత నాలుగేళ్లు మాటల్లేవు. పెళ్లి బంతిలో అతను కనిపిస్తే తినకుండా లేచి వచ్చేవాణ్ణి.

ఆ మంటతోనే నాగార్జునసాగర్‌లో పది రోజుల విపశ్యన (ఒక బౌద్ధ ధ్యాన పద్ధతి) శిబిరానికి వెళ్లాను. తెల్లవారుజామున నాలుగింటికి గంట, నాలుగున్నరకు ధ్యానం, పదకొండింటికి భోజనం, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పడం. పదో రోజు ఉదయం దాకా మౌనం. మొదట మూడు రోజులు శ్వాసను గమనించడమే పని. నాలుగో రోజు నుంచి ఒంటి మీది సంవేదనలు, అంటే నొప్పి, దురద, వేడి లాంటివి, గమనించడం. మైత్రీ భావన పదో రోజున గానీ నేర్పరు. ఈ వరుసను చాలామంది లెక్కచేయరు. వేణువు మోగిస్తూ పది నిమిషాల్లో ప్రేమ పుట్టిస్తామనే వీడియోలంటే నాకు ఒళ్లు మండుతుంది. దుక్కి దున్నకుండా విత్తనం చల్లమనడం అది. 5వ శతాబ్దపు బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గం అనే గ్రంథంలో క్రమం స్పష్టంగా చెప్పాడు: ముందు తనకు, తర్వాత గౌరవించే వ్యక్తికి, ఇష్టులకు, ఏ సంబంధమూ లేనివారికి, ఆ తర్వాతే పగవాడికి.

ఇంకో బాధ కూడా చెప్పాలి. సాగర్ వెళ్లినవాళ్లు గేట్లు ఎత్తారా అని చూసి, చేపలు తిని వచ్చేస్తారు. ఆ నీళ్ల అడుగున ఇక్ష్వాకుల విజయపురి ఉంది. 3వ శతాబ్దంలో బోధిసిరి అనే ఉపాసిక (గృహస్థురాలైన బౌద్ధ భక్తురాలు) సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం (స్తూపం ఉండే ప్రార్థనా మందిరం) కట్టించిన చోటు అది. మైత్రి మనకు పరాయి దేశపు సరుకు కాదు.

పదో రోజు ఉదయం, ఈ పద్ధతి నేర్పిన గురువు గోయెంకా గారి రికార్డు గొంతు వినిపిస్తుండగా ఇంట్లోవాళ్లను తలచుకున్నాను. రోజూ అన్నం వడ్డించిన సేవకుణ్ణి తలచుకున్నాను. అన్న గుర్తుకు రాగానే కడుపులో రాయి పడ్డట్టయింది. మనసు కలతపడితే మైత్రి ఆపి మళ్లీ సంవేదనలు గమనించాలని అక్కడ చెబుతారు. అలాగే చేశాను. రెండోసారి ప్రయత్నించినప్పుడు అతని ముఖం రాలేదు, పళ్లు కనిపించాయి. ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు, అంచుల్లో చిన్న చిన్న గుంటలు. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన మా ఊరి పిల్లలందరికీ ఉండే గుర్తే. నాకూ ఉంది. ఫొటో దిగేటప్పుడు ఇద్దరం పెదవులు బిగించేవాళ్లం. ఒకే చేతిపంపు కింద దోసిళ్లు పట్టి తాగిన నీళ్లు అవి. వీడికీ నాలాగే పొద్దున లేవగానే మోకాళ్లు పట్టేస్తుంటాయి కదా అనిపించింది. “సుఖంగా ఉండాలి” అన్న మాట నాలో పుట్టలేదు. మోకాళ్ల నొప్పి తగ్గాలని మాత్రం మనస్ఫూర్తిగా కోరుకోగలిగాను. మీరూ అంత చిన్నదాన్నే పట్టుకోండి. తల్లి తన ఒక్కగానొక్క బిడ్డను కాపాడుకున్నట్టు అని కరణీయ మెత్త సుత్తంలో (మైత్రి మీద బుద్ధుని ఉపదేశం) ఉన్న పోలిక చదివి, అంత ప్రేమ రావడం లేదని కుంగిపోకండి.

అయితే మైత్రి అంటే హక్కు వదులుకోవడమని ఎవరు చెప్పినా వినకండి. “పోనీలే, అన్నే కదా” అని నాకు చెప్పినవాళ్లలో ఒక్క చెట్టు కోల్పోయినవాడు లేడు. శిబిరం నుంచి వచ్చాక మండల కార్యాలయంలో అర్జీ పెట్టాను. అంతకుముందు రాసి పెట్టుకున్నది రెండు పేజీలు, సగం తిట్లే. దాన్ని చించేసి ఆరు వాక్యాల్లో రాశాను. ఎన్ని అడుగుల దూరం, ఏ నెలలో నీళ్లు ఆగాయి, ఎన్ని చెట్లు పోయాయి, అంతే.

కొలతలకు వచ్చిన రోజు టేపు ఒక కొస అతని చేతికిచ్చి, రెండో కొస నాకిచ్చారు. గట్టు మీద నిలబడి, “మోకాళ్లు ఎలా ఉన్నాయన్నా?” అని అడిగాను. అతను కాసేపు టేపు వంకే చూశాడు. “మెట్లు ఎక్కడం కష్టంగా ఉంది తమ్ముడూ” అన్నాడు. అర్జీ ఇంకా నడుస్తోంది.