అంబాసిడర్ బానెట్ ఓడెక్కాలంటే

ప్రశ్న: మా బావగారు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 1957 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు బాగు చేయించుకుంటున్నారు. మన అంబాసిడర్ ఆ మోడల్ నుంచి వచ్చిందే కాబట్టి, ఆయన కోసం పాత అంబాసిడర్ బానెట్, ముందు మడ్‌గార్డులు రెండు, గేర్‌బాక్స్ సంపాదించాను. ఒకే పెట్టెలో సర్దితే 150×120×55 సెంటీమీటర్లు, 95 కిలోలు వస్తోంది. కొరియర్ వాళ్లేమో 198 కిలోలకు కట్టమంటున్నారు. ఇదేం లెక్క? చవకగా పంపే దారి చెప్పండి.
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: లెక్క తప్పేమీ కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె, అసలు బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. విమాన కార్గోలో 6000తో భాగిస్తారు కాబట్టి 165 కిలోలు పడుతుంది. రేకు సామానుకు ఇది ఎప్పుడూ నష్టమే.

మీకు సరిపోయేది ఓడలో ఎల్‌సీఎల్, అంటే కంటైనర్‌లో వాటా. అక్కడ ఒక ఘనపు మీటరుకు లేదా 1000 కిలోలకు, ఏది ఎక్కువైతే దానికి రేటు. మీ పెట్టె 0.99 ఘనపు మీటరు. సాధారణంగా కనీస చార్జీ ఒక ఘనపు మీటరుకే వేస్తారు కాబట్టి మడ్‌గార్డులు విడిగా పంపితే డబ్బు దండగ. రెండు నెలలు పట్టినా ఫర్వాలేదనుకుంటేనే ఈ దారి.

మోసపోయేది ఓడ కిరాయి దగ్గర కాదు, అవతలి రేవులో. ఇక్కడ కారుచౌకగా చెప్పి, అక్కడ గోదాము, డెలివరీ ఆర్డర్ (సరుకు విడుదల చేసే కాగితం), హ్యాండ్లింగ్ పేరిట బావగారి దగ్గర వసూలు చేస్తారు. బుక్ చేసే ముందే ఆ చార్జీలన్నీ పౌండ్లలో, కాగితం మీద రాయించుకోండి. ఇవ్వనన్న ఏజెంటు మనకొద్దు. సరుకు విలువ 39 పౌండ్లు దాటితే, కానుక అన్నా 20 శాతం వ్యాట్ తప్పదు. అలాగని ఇన్‌వాయిస్‌లో విలువ సున్నా వేయకండి, కస్టమ్స్‌లో ఆగిపోతుంది. ‘పాత స్పేర్ పార్టులు’ అని ముక్తసరిగా రాసినా అంతే. ‘వాడిన స్టీలు బానెట్, 1’ అని విడివిడిగా రాసి, కొన్న బిల్లు జతచేయండి. సొంత వాడకానికైతే ఐఈసీ (ఎగుమతి దిగుమతులకు ప్రభుత్వం ఇచ్చే కోడ్) అక్కర్లేదు; అమ్మకానికైతే కావాలి.

ప్యాకింగ్‌లో గేర్‌బాక్సే తలనొప్పి. ఆయిల్ పూర్తిగా వంపి, ఒక రాత్రి తలకిందులుగా ఉంచి, రంధ్రాలకు బిరడాలు బిగించండి. చుక్క కారినా పెట్టెను గోదాములోనే పక్కన పెట్టేస్తారు. దాన్ని అడుగు చెక్కకు బోల్టులతో బిగించి, బానెట్‌కూ దానికీ మధ్య ప్లైవుడ్ అడ్డు పెట్టండి. కంటైనర్‌లో చెమ్మ పట్టి నీళ్లు కారతాయి. రేకులకు తుప్పు పట్టనివ్వని నూనె పూసి, సిలికా జెల్ సంచులు వేయండి. అడుగున వాడే పచ్చి చెక్కకు పురుగులు లేకుండా వేడి శుద్ధి చేసినట్టు చెప్పే ఐపీపీసీ (అంతర్జాతీయ మొక్కల రక్షణ ఒప్పందం) ముద్ర ఉండాలి. ప్లైవుడ్‌కు అవసరం లేదు.

అన్నిటికన్నా ముందు ఒకటి చూసుకోండి: ఇసుజు ఇంజిన్ వచ్చిన తర్వాతి అంబాసిడర్ గేర్‌బాక్స్ అయితే మోరిస్ ఇంజిన్‌కు నేరుగా అతకదు. ఫొటోలు పంపి బావగారి చేత సరేననిపించాకే పెట్టె కట్టించండి.

ప్రశ్న: అదే పెట్టెలో గ్యాస్ షాక్ అబ్జార్బర్లు, ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ వేయొచ్చా?

జవాబు: చెప్పకుండా వేయొద్దు. రెండూ ప్రమాదకర సరుకు కింద లెక్క. ఎయిర్‌బ్యాగ్ విప్పి ఇక్కడే ఉంచేయండి, స్టీరింగ్ చక్రం ఒక్కటే పంపండి. గ్యాస్ షాక్‌లు అక్కడే కొత్తవి కొనుక్కోవడం నయం.