డీగో గార్షియా: గోదాము కోసం ఖాళీ చేసిన దీవి

ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే దీవి గురించి అడిగారు, అందుకే ఈసారి అవన్నీ ఒకచోటే పెట్టేస్తున్నా.

ప్ర: నమస్తే సార్. న్యూస్‌లో మాటిమాటికీ డీగో గార్షియా అంటున్నారు. మ్యాప్‌లో జూమ్ చేసి చూస్తే సన్నగా కాలిముద్రలా కనపడింది, అంతే. అంత చిన్నదానికి ఎందుకండీ ఇంత గొడవ?
(డిగ్రీ స్టూడెంట్, అమలాపురం)

జ: కాలిముద్ర అని భలే పట్టుకున్నారు, అక్కడి మిలిటరీ బేస్‌లో పనిచేసే అమెరికా వాళ్ళు కూడా అలాగే అంటారు. నేల మొత్తం కలిపితే 27 చదరపు కిలోమీటర్లు, మన లెక్కలో ఆరేడు వేల ఎకరాలు. అదీ ఒకే ముద్దలా కాదు, పగడపు దిబ్బ సన్నగా వంపు తిరిగి మధ్యలో పెద్ద మడుగుని చుట్టుకుని ఉంటుంది. అసలు సొత్తు ఆ మడుగే. బయట సముద్రం ఎంత పోటు మీదున్నా లోపల పెద్ద పెద్ద ఓడలు లంగరేసుకుని నిశ్చింతగా ఉండొచ్చు. పక్కనే 3,600 మీటర్ల రన్‌వే, పెద్ద బాంబర్లు కూడా దిగుతాయి. కన్యాకుమారి నుంచి దక్షిణంగా సుమారు 1,800 కిలోమీటర్లు. అక్కడ నుంచి ఇటు గల్ఫ్‌కి, అటు ఆఫ్రికాకి, ఇంకోపక్క మలక్కా జలసంధికి ఎటైనా బయల్దేరొచ్చు. నేల బ్రిటన్ చేతిలో, బేస్ అమెరికాది, 1966లో రాసుకున్న ఒప్పందం ప్రకారం.

ప్ర: అన్నా, నేను కువైట్‌లో వేర్‌హౌస్‌లో పనిచేస్తా. లాజిస్టిక్స్ హబ్ అంటే మాకు లారీలు, ర్యాకులు, ఫోర్క్‌లిఫ్టులు. సముద్రం మధ్యలో దీవిని హబ్ అంటారేంటి?
(రాజంపేట సోదరుడు, కువైట్)

జ: ఇది నీకు అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాదు తమ్ముడూ. అక్కడ ఓడే గోదాము. సరుకు దించి షెడ్డుల్లో పెట్టుకోరు, ఓడలోనే ఉంచేసి, ఓడని మడుగులో ఆపి ఉంచుతారు.

ఆ ఓడ లోపల ఎలా ఉంటుందంటే, మాల్‌లో నాలుగైదు అంతస్తుల పార్కింగ్ ఊహించుకో. కార్ల బదులు ట్యాంకులు, ట్రక్కులు, వాటర్ ట్యాంకర్లు, ఒకదానికొకటి చెయ్యి దూరంలో, చక్రం చక్రానికీ గొలుసేసి నేలలో ఉన్న కొక్కేలకి బిగించి ఉంటాయి, లేకపోతే ఓడ ఊగినప్పుడు ఒకటి జారిందంటే అన్నీ గుద్దుకుంటాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా గాల్లో తేమ తీసేసే మెషీన్లు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి. మందుగుండు, డీజిల్, తిండి, ఫీల్డ్ హాస్పిటల్ సామాను అన్నీ అందులోనే. మూడేళ్ళకి అటూ ఇటూగా ఒక్కో ఓడా ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ దాకా వెళ్ళి మొత్తం దించుకుని, రిపేర్లు చేయించుకుని, మళ్ళీ ఎక్కించుకుని వస్తుంది. మీ స్టాక్ చెకింగ్ లాంటిదే, కాకపోతే సముద్రాలు దాటి.

ఇదంతా 1980లో ఏడు ఓడలతో మొదలైంది. పనికొచ్చింది మాత్రం పదేళ్ళ తర్వాత, అదీ నువ్వున్న చోటే. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లోకి దిగింది కదా, ఆగస్టు 15 కల్లా డీగో గార్షియా ఓడలు సౌదీలోని అల్ జుబైల్ రేవులో ఉన్నాయి. సైనికులేమో కాలిఫోర్నియా నుంచి ఖాళీ చేతులతో విమానాల్లో వచ్చి, రేవులో తమ బండ్లు తాళాలతో సహా అందుకున్నారు. పదహారు వేల పైచిలుకు మందికి 30 రోజులకి సరిపడా సామాను. అదే సామాను అమెరికా నుంచి సముద్రం మీద రావాలంటే వారాలు పట్టేది. సరిగ్గా ఆ రోజుల్లోనే మనవాళ్ళు కట్టుబట్టలతో కువైట్ వదిలి, ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి ఎయిరిండియా విమానాలెక్కారు, లక్షా డెబ్భై వేల మంది భారతీయులు, వాళ్ళలో మీ కడప జిల్లా వాళ్ళూ ఉన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే ఆ ఆగస్టు గురించి నాకన్నా ఎక్కువ చెప్తారు.

ప్ర: బేస్ కట్టకముందు అది ఖాళీ దీవి అని ఎక్కడో చదివానండి. నిజమేనా?
(టీచర్, రాజమండ్రి)

జ: కాదమ్మా. ఆ అబద్ధం కావాలనే పుట్టించారు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచివాళ్ళు మడగాస్కర్, మొజాంబిక్ వైపు నుంచి బానిసలని తెచ్చి డీగో గార్షియా ఉన్న చాగోస్ దీవుల్లో కొబ్బరి తోటలు వేయించారు. తర్వాత మనదేశం నుంచీ కొందరు కూలీలు వెళ్ళారు. అందరూ కలిసిపోయి తరాల తరబడి అక్కడే బతికారు, వాళ్ళకంటూ క్రియోల్ అనే ఒక కలగలుపు భాష, చర్చి, శ్మశానం, పెంపుడు కుక్కలు. పని ఏంటంటే కాయ ఒలవడం, కొట్టడం, ఎండబెట్టడం, నూనె తీయడం. కోనసీమలో గునపానికి కాయ గుచ్చి ఒలిచేవాళ్ళని చూసినవాళ్ళకి ఆ జీవితం గురించి వేరే చెప్పక్కర్లేదు.

1965 నవంబర్‌లో, మారిషస్‌కి ఇంకా స్వాతంత్ర్యం రాకముందే, బ్రిటన్ ఈ దీవుల్ని దాన్నుంచి విడగొట్టి 30 లక్షల పౌండ్లు చేతిలో పెట్టింది. అమెరికా అద్దె కట్టకుండా, బ్రిటన్‌కి అమ్మే పొలారిస్ మిస్సైళ్ళ లెక్కలో 1.4 కోట్ల డాలర్లు తగ్గించింది. అక్కడి మనుషుల గురించి 1966లో ఒక బ్రిటిష్ అధికారి రాసిన నోట్‌లో "కొందరు టార్జాన్లు, మ్యాన్ ఫ్రైడేలు" అని ఉంది, అంటే కథల్లోని అడవిమనుషులు, దీవిలో దొరికిన నౌకర్లు అన్నమాట. ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు కడుపు రగిలిపోతుంది.

ముందుగా, వైద్యానికో చుట్టాల్ని చూడ్డానికో మారిషస్ వెళ్ళినవాళ్ళని తిరిగి ఓడెక్కనివ్వలేదు, మీ దీవి అమ్మేశారు అని రేవులో చెప్పారు. తర్వాత సరుకులు తగ్గించారు. 1971లో కుక్కల్ని ఎండుకొబ్బరి ఆరబెట్టే షెడ్డులోకి తోలి పొగ పెట్టి చంపేశారు, పిల్లలు చూస్తుండగానే. తర్వాత మనుషుల వంతు. తలా ఒక పెట్టె మాత్రం తీసుకోమన్నారు. గుర్రాలు డెక్ మీద, ఆడవాళ్ళు పిల్లలు కింద సరుకు పెట్టే హోల్డులో ఎరువు బస్తాల మీద పడుకుని వచ్చామని వాళ్ళే తర్వాత చెప్పుకున్నారు. 1973 కల్లా చుట్టుపక్కల దీవులు కూడా ఖాళీ. పదిహేను వందల నుంచి రెండు వేల మంది మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్ మురికివాడల్లోనూ, సీషెల్స్‌లోనూ పడ్డారు. వాళ్ళ కోసమని 1972లో ఒప్పుకున్న ఆరున్నర లక్షల పౌండ్లు చేతికందేసరికి ఐదారేళ్ళు గడిచిపోయాయి.

ఒలివియే బాంకూల్ అనే ఎలక్ట్రీషియన్ చిన్నప్పుడే అక్కడ నుంచి వచ్చినవాడు, ఆయన కోర్టుకెళ్ళి 2000లో లండన్ హైకోర్టులో గెలిచాడు. 2004లో ప్రభుత్వం పార్లమెంటులో చర్చ లేకుండా రాజాజ్ఞతో మళ్ళీ దారి మూసేసింది, 2008లో పైకోర్టులో 3-2తో ఓడిపోయాడు. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విడగొట్టడమే చట్టవిరుద్ధం అని అభిప్రాయం చెప్పింది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి: అది అమల్లోకి వస్తే దీవులు మారిషస్‌కి, బేస్ మాత్రం 99 ఏళ్ళ లీజుకి. మిగతా దీవుల్లో మళ్ళీ కాపురాలు పెట్టుకోవచ్చు అని అందులో ఉంది, డీగో గార్షియాలో మాత్రం కుదరదు. తల్లిదండ్రుల సమాధులున్నది అక్కడ అయినా సరే. చుట్టుపక్కల జనం లేకపోవడం ఈ బేస్‌కి పెద్ద ప్లస్ అని నిపుణులు రాస్తుంటారు, ఆ ప్లస్ ఎలా వచ్చిందో కూడా పక్కనే రాయాలి.

ప్ర: మన దేశం ఎటువైపు?
(తాళ్ళరేవు పాఠకుడు)

జ: మారిషస్ వైపే. 2019లో ఐక్యరాజ్యసమితిలో మారిషస్‌కి ఓటేసింది, 2025 ఒప్పందాన్ని స్వాగతించింది. మారిషస్‌దే అయిన అగలేగా దీవిలో మన దేశం కట్టించిన రన్‌వే, జెట్టీ 2024 ఫిబ్రవరిలో ప్రారంభమయ్యాయి, అక్కడి జనం మాత్రం అక్కడే ఉన్నారు, ఉండాలి కూడా. మీ ఊరికి ఇంకో చుట్టరికం ఉందండోయ్, మీ పక్కనున్న కోరంగి రేవు నుంచి కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళని మారిషస్‌లో కోరంగీలు అనే పిలిచేవారు.

ప్ర: డీగో గార్షియా బేస్‌లో స్టోర్ కీపర్ జాబ్ ఉందని ఒక ఏజెంట్ లక్షన్నర అడుగుతున్నాడు. కట్టమంటారా?
(పేరు వద్దన్నారు)

జ: కట్టొద్దు. అక్కడికి మామూలు విమానాలు లేవు, పర్మిట్ లేకుండా ఎవర్నీ దిగనివ్వరు. కాంట్రాక్టు పనివాళ్ళలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్ వాళ్ళు. ఏ దేశమైనా సరే, ముందు ఆ ఏజెంట్ లైసెన్స్ నంబర్ అడిగి కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో మీరే టైప్ చేసి చూసుకోండి. లైసెన్స్ ఉన్నవాడైనా మన చట్టం ప్రకారం తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతే, అదీ రసీదుతో. నంబర్ ఇవ్వనంటే పాస్‌పోర్ట్ కూడా చేతికివ్వకండి.