డెబ్భై పైసల అప్పు వెనక ఎంత పరుగెత్తాలి?

చి.ల.సౌ. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. విజయనగరంలో మీ కొత్తింట్లో పాలు పొంగించి ఏడాది నిండింది. నెలాఖరుకి మిగిలే ప్రతి రూపాయీ ఇంటి అప్పుకే కట్టేద్దామని నువ్వూ, పిల్లకి ఆరేళ్లే, ఇప్పుడు తిరగకపోతే ఇంకెప్పుడు తిరుగుతామని అల్లుడుగారూ అంటున్నారు. ఇద్దరి మాటా నిజమే. కానీ ‘ఎంత కట్టాలి’ దగ్గర మొదలుపెడితే ఈ తగువు తెగదు. ‘అప్పు ఏ నెలకి తీరాలి’ అన్నది ముందు తేల్చుకోండి. ఎంత కట్టాలో ఆ తేదీయే చెబుతుంది. అంతవరకూ కట్టి, మిగిలినది మనసు పీకకుండా ఖర్చుపెట్టుకోవచ్చు.

ముందు మీ అప్పుని మన ఊరి లెక్కలో చూడు. ఏడాదికి ఎనిమిదిన్నర శాతమంటే నూటికి నెలకి 71 పైసలు. బజార్లో చేబదులు నూటికి రెండు రూపాయలు. క్రెడిట్ కార్డు బాకీ మూడు, మూడున్నర. పర్సనల్ లోన్ రూపాయి దాటుతుంది. మీకు దొరికే అప్పుల్లో ఇంటి అప్పే చవక. బీరువాలకీ వంటింటి అరలకీ విడిగా తీసుకున్న లోను ఇంకా ఉంటే, ఇంటి అప్పులో పైసా కూడా అదనంగా వేయొద్దు. ముందు కార్డు, తరవాత చేబదుళ్లు, ఆ తరవాత పర్సనల్ లోను, బంగారం మీద తెచ్చినది. చివరికి ఇల్లు.

ఇప్పుడు మీ కాగితం. 30 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతం, కిస్తీ 26,035. మొదటి నెల కిస్తీలో 21,250 వడ్డీకే పోయింది, అసలుకి చేరింది 4,785. ఏడాదిలో 3,12,420 కట్టారు, అసలు తగ్గింది 59,700. బాకీ 29,40,000 చిల్లర. ఇది చూసే నీకు భయం వేసింది, నాకు తెలుసు. అయితే తొలి ఏళ్లలో వేసే అదనపు రూపాయికి బలం ఎక్కువన్న సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. ఇప్పుడు ఒక్క లక్ష అసలుకి జమ చేస్తే చివర 18 కిస్తీలు ఎగిరిపోతాయి, ఆ లక్ష పోను 3 లక్షల 70 వేలు మిగులుతుంది. అదే లక్ష పదిహేనేళ్లు నిండాక కడితే ఆరు కిస్తీలు కూడా నిండా తగ్గవు, మిగిలేది యాభై వేలు. కాబట్టి ఏదైనా అదనంగా వేస్తే మొదటి ఏడెనిమిదేళ్లలో వేయాలి. ఆ తరవాత ఆ తాపత్రయం అక్కర్లేదు.

తేదీ ఎలా పెట్టుకోవాలి? రాష్ట్ర ఉద్యోగం కాబట్టి అల్లుడుగారికి 62 ఏళ్ల దాకా జీతం వస్తుంది, అక్కడ తొందర లేదు. అసలు గడువు పిల్లది. ఆమె ఇంటర్ ముగించి కాలేజీ ఫీజులు మొదలయ్యేనాటికి, అంటే ఇంకో పన్నెండేళ్లకి, ఈ కిస్తీ ఉండకూడదు. అందుకు నెలకి 6,600 అదనంగా కడితే చాలు. పంతొమ్మిదేళ్లు మిగిలిన అప్పు పన్నెండేళ్లలో తీరుతుంది, వడ్డీలో సుమారు 12 లక్షల 30 వేలు మిగులుతాయి. నువ్వు అనుకుంటున్నట్టు ఎనిమిదేళ్లలోనే తీర్చాలంటే నెలకి 16,300 అదనం కావాలి. అంటే ఇంకో 9,700. ఆ రెండో భాగం వల్ల అదనంగా మిగిలేది 6 లక్షల 40 వేలే. మొదటి 6,600 చేసిన పనిలో సగమే, అంతకంటే పెద్ద మొత్తం చేస్తోంది. పైగా పిల్లకి ఆరు నుంచి పద్నాలుగు వచ్చే ఏళ్ల సరదా అంతా ఆ 9,700లోనే ఉంది. నా మాటైతే, ఆ రెండో భాగం కట్టొద్దు.

6,600 కూడా ఇప్పుడు బరువనిపిస్తే మరో దారి ఉంది, నాకు అదే నచ్చుతుంది. కిస్తీని ఏటా 5 శాతం పెంచుకుంటూ పోండి. ఈ ఏడు పెరిగేది నెలకి 1,300 మాత్రమే. ఇంక్రిమెంటూ డీఏ కలిసి ఆ మేరకి పెరగని ఏడాది తక్కువ. ఇలా పోతే పదకొండేళ్ల మీద రెండు మూడు నెలలకి అప్పు తీరుతుంది, వడ్డీలో మిగిలేది పదకొండున్నర లక్షల పైమాటే. పదకొండో ఏట కిస్తీ 44,500కి చేరుతుంది. అప్పటి జీతం దాన్ని మోయలేదనిపిస్తే ఒక ఏడు పెంపు ఆపండి, గడువు కొన్ని నెలలు జరుగుతుంది, అంతే.

అయితే ఒక్క రూపాయి అదనం వేసేముందు రెండు పనులు అయ్యుండాలి. బ్యాంకులో కట్టేసిన లక్ష మళ్లీ చేతికి రాదు. మూడు లక్షలు ఉత్సాహంగా జమ చేసిన నెలలోనే ఎవరినైనా విశాఖ ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, 71 పైసల అప్పు తగ్గించుకున్న చేత్తోనే రెండు రూపాయల అప్పు తేవాలి. చాలా ఇళ్లలో లెక్క తప్పేది ఇక్కడే. కిస్తీ 26,000, ఇంటి ఖర్చు 30,000, ఆరు నెలలకి 3 లక్షల 36 వేలు. ఇందులో లక్ష సేవింగ్స్‌లో, మిగతాది మూడు చిన్న చిన్న ఎఫ్‌డీలుగా ఉంచండి. ఒకటి విరిస్తే మిగతావి కదలవు. మనది తుపాన్ల సీమ. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు లేక ఏటీఎంలూ పని చేయలేదు. పది వేలు నోట్లుగా ఇంట్లో ఉండాలి.

రెండోది బీమా. అల్లుడుగారి పేర టర్మ్ పాలసీ కనీసం అప్పు బాకీకీ, పదేళ్ల ఇంటి ఖర్చుకీ సరిపడా ఉండాలి. లోను ఇచ్చేటప్పుడు ఒకేసారి ప్రీమియం కట్టించుకుని దాన్ని కూడా అప్పులో కలిపే పాలసీ అంటగట్టారేమో శాంక్షన్ లెటర్‌లో చూడు. ఆ ప్రీమియం మీద కూడా ఇరవై ఏళ్లు వడ్డీ కడతారు. ఇంటికి కట్టిన పాలసీ ‘భారత్ గృహ రక్ష’ అయితే గాలివానా వరదా అందులోనే ఉంటాయి. వేరేదైతే తుపాను ఉందో లేదో అడిగి రాయించుకో.

ఇక అదనం కట్టే పద్ధతి. నెట్ బ్యాంకింగ్‌లో లోను ఖాతాకి డబ్బు పంపించేసి అయిపోయిందనుకోకు. కొన్నిచోట్ల దాన్ని వచ్చే కిస్తీలకి అడ్వాన్సుగా పక్కన పెడతారు, అసలు తగ్గదు, వడ్డీ అలాగే నడుస్తుంది. మొదటిసారి బ్రాంచికి వెళ్లి కాగితం రాసివ్వు: ‘ఈ మొత్తం అసలుకి జమ చేయండి, కిస్తీ మార్చకండి, గడువు తగ్గించండి.’ ఈ మాట రాయకపోతే కొన్నిచోట్ల కిస్తీ తగ్గించి గడువు అలాగే ఉంచొచ్చు, అప్పుడు నువ్వు కోరుకున్న ఫలితంలో చాలా భాగం పోతుంది. మర్నాడు బాకీ అంకె చూసుకో, కొత్త చెల్లింపుల పట్టిక అడిగి తీసుకో. కిస్తీనే పెంచమన్నప్పుడు, మీ ఖాతా నుంచి డబ్బు లాగే అనుమతి పత్రంలో గరిష్ఠ మొత్తం ఎంత ఉందో చూడాలి. కొత్త కిస్తీ దాన్ని మించితే చెల్లింపు వెనక్కి తిరిగి, జరిమానా పడుతుంది. మారే వడ్డీ ఇంటి అప్పుల మీద ముందస్తు చెల్లింపుకి బ్యాంకులు రుసుము తీసుకోకూడదని 2012లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. అడిగితే ఆ మాట అను. స్థిర వడ్డీ అయితే ఒప్పందం చదవాలి. కట్టిన డబ్బు అవసరానికి వెనక్కి తీసుకునే వీలు కావాలంటే స్టేట్ బ్యాంకు మ్యాక్స్‌గెయిన్ లాంటి ఓవర్‌డ్రాఫ్టు లోన్లు ఉన్నాయి. మిగులు అందులో పడి ఉన్నన్నాళ్లూ వడ్డీ తగ్గుతుంది. కానీ చేయి నిలవని ఇంట్లో అది మంచిది కాదు.

రూపాయి అదనంగా కట్టకుండా అప్పు తగ్గే దారి కూడా ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే మారే వడ్డీ ఇంటి అప్పులన్నీ రెపో (రిజర్వు బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు) లాంటి బయటి కొలతకి ముడిపడ్డాయి. 2025 ఫిబ్రవరి మొదట్లో 6.5 ఉన్న రెపో జూన్‌కి 5.5 అయింది. మీ రేటు ఆ మేరకి దిగిందో లేదో చూడు. కొత్తగా చేరేవాళ్లకి ఇచ్చే రేటు మీకంటే తక్కువైతే, కొద్ది రుసుముతో మీకూ తగ్గించమని అడుగు. మీ బాకీ మీద అర శాతమంటే ఏడాదికి 14,700. రేటు తగ్గినా పాత కిస్తీయే కట్టండి. రేటు పెరిగితే మాత్రం మీకు చెప్పకుండా గడువు సాగదీయనివ్వకండి. కిస్తీ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది మీరు ఎంచుకునే హక్కు 2023 నుంచి ఉంది.

పన్ను గురించి రెండే ముక్కలు. కొత్త విధానంలో ఉంటే సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు, కాబట్టి ‘పన్ను కోసం అప్పు ఉంచుకోండి’ అనే సలహా మీకు వర్తించదు. పాత విధానంలో అయితే ఏడాదికి 2 లక్షల వడ్డీ వరకు ఉంటుంది. ఎఫ్‌డీ వడ్డీ మీద పన్ను పోను మిగిలేది ఎనిమిదిన్నర కాదు, అందుకని ఆరు నెలల నిధికి మించిన ఎఫ్‌డీలు అప్పుకే వేయండి. పిల్ల పేర సుకన్య సమృద్ధి పొదుపు మాత్రం ఆపొద్దు. 8.2 శాతం, పన్ను లేదు.

ఇప్పుడు మీ అసలు తగువు, సరదా ఖర్చు. సరదాకి వేరే సేవింగ్స్ ఖాతా తెరువు. జీతం పడ్డ మర్నాడు 5,000 దానంతట అదే అందులోకి పోవాలి. ఏడాదికి 60,000. ఖర్చు కాకపోయినా దాన్ని అప్పుకి మళ్లించొద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను. సరదాకి పద్దు రాయని ఇళ్లు రెండేళ్లు బిగబట్టి, మూడో ఏట ఒక్కసారిగా కారు లోనుకో, పెళ్లి ఆర్భాటానికో లొంగిపోతాయి. బిగబట్టి మిగిల్చినదంతా ఆ ఒక్క సంతకంతో పోతుంది.

పెద్ద ఖర్చులు కూడా అక్కర్లేదమ్మా. శృంగవరపుకోటలో కిరండూల్ రైలెక్కితే సొరంగాలు దాటుకుంటూ బొర్రా గుహలకి. చలికాలంలో టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళితే చింతచెట్ల మీద గూళ్లు కట్టిన పక్షులు. కళింగపట్నం సముద్రం. ఇవి రెండు మూడు వేలలో అయిపోతాయి. మీ అత్తమామల్ని కాశీకి తీసుకెళ్లడం మాత్రం వాయిదా వేయకు. ఈ ఖాతాలో మొదటి 40,000 చేరగానే అదే చెయ్యి. అప్పు పన్నెండో ఏట తీరినా పదమూడో ఏట తీరినా ఫరవాలేదు, మీ అత్తగారి మోకాళ్లు అన్నాళ్లు ఆగవు.

డీఏ బకాయిలో, సెలవుల సరెండరు డబ్బో ఒకేసారి వస్తే మొదటి ఏడేళ్లూ నూటికి అరవై అప్పుకి, నలభై ఇంటి ఖర్చులకి. ఎనిమిదో ఏటి నుంచి తిరగెయ్యి.

అప్పు తీరిన రోజున చేసేది కూడా ఇప్పుడే రాసి పెట్టుకో. బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి. 30 రోజుల్లో దస్తావేజులు ఇవ్వకపోతే, ఆలస్యం వాళ్లదైతే, రోజుకి 5,000 చొప్పున వాళ్లు మీకివ్వాలి. తనఖా రిజిస్టరైతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో విడుదల పత్రం రాయించి, ఈసీ (ఆస్తి మీద తనఖాలుంటే చూపే పత్రం) తీసి అప్పు లేనట్టు చూసుకోవాలి. నెలన్నర ఆగి సిబిల్‌లో ఖాతా మూసినట్టు పడిందో లేదో చూడాలి.

సిరిమానోత్సవానికి మేము వస్తాం. అప్పటికి శాంక్షన్ లెటరు, ఈ ఏడాది లోను స్టేట్‌మెంటు, ఇద్దరి జీతం స్లిప్పులు, పాలసీ కాగితాలు ఒక కవరులో పెట్టి ఉంచు. అమ్మవారి దర్శనం అయ్యాక కూర్చుని తేదీ రాసేద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ