తుల్య సమీకరణం: ‘సమం’ రెండుసార్లు వచ్చిందా?

సందేహం: పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాల మధ్య చర్యలకు ‘తుల్య సమీకరణం రాయండి’ అని అడుగుతారు. సమీకరణం అంటేనే సమం చేయడం కదా! మళ్లీ ‘తుల్య’ ఎందుకు? ‘నడిసెంటరు’ లాంటి పునరుక్తి కాదా ఇది? ‘సరిచేసిన సమీకరణం’ అంటే పోదా?

సమాధానం: వ్యుత్పత్తి వరకే చూస్తే మీ అనుమానం న్యాయమైనదే. సమం కానిదాన్ని సమం చేయడమే సమీకరణం. ముందు లేని స్థితి తరవాత రావడాన్ని వైయాకరణులు అభూతతద్భావం అన్నారు. శుద్ధీకరణం, ఆమ్లక్షారాలు కలిసినప్పటి తటస్థీకరణం కూడా ఈ అచ్చులో పోసినవే. అయితే సమీకరణం ఏనాడో రూఢి అయిపోయింది. 12వ శతాబ్ది భాస్కరాచార్యుడి ‘బీజగణితం’లోనే ఏకవర్ణ సమీకరణం (తెలియని రాశి ఒకటే ఉన్నది), అనేకవర్ణ సమీకరణం (ఒకటికి మించి ఉన్నది) ఉన్నాయి. రసాయనశాస్త్రంలో ఆ మాటకు, చర్యను సంకేతాలతో రాసిన వాక్యం అనే అర్థం. అందుకే ‘తుల్యం కాని సమీకరణం’ అన్నా ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు.

ఇక ‘తుల్యం’. తుల అంటే తక్కెడ, అందులో సరితూగేది తుల్యం. ఎరిగి పెట్టారో, అలా కుదిరిందో గానీ ఇంతకంటే తగిన మాట దొరకదు. సల్ఫ్యూరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ కలిస్తే సోడియం సల్ఫేటు, నీరు వస్తాయి. అన్నీ ఒక్కొక్కటిగా రాస్తే సోడియం పరమాణువులు ఎడమవైపు 1, కుడివైపు 2. హైడ్రోజన్ ఎడమవైపు 3, కుడివైపు 2. హైడ్రాక్సైడుకు, నీటికి ముందు 2 చొప్పున వేస్తే లెక్క కుదురుతుంది. తూచినా అంతే: ఆమ్లం 98 గ్రాములు, హైడ్రాక్సైడ్ 80, అటు సల్ఫేటు 142, నీరు 36. ఇటూ అటూ 178 గ్రాములే.

అసలైన పునరుక్తి ‘సమతుల్య సమీకరణం’లో ఉంది. సమ అన్నా తుల్య అన్నా ఒకటే కాబట్టి ఒకటి తీసేయవచ్చు. ‘సమతుల ఆహారం’ సంగతి వేరు. అక్కడున్నది తుల, తుల్యం కాదు.

‘సరిచేసిన’ మాత్రం నాకు నచ్చదు. సరిచేయడం అంటే తప్పు దిద్దడం కూడా కదా! పిల్లలు నీటి సంకేతంలో ఆక్సిజన్ కింద 2 వేసి ‘సరిచేశాం’ అనుకుంటారు. అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. తుల్యం చేసేటప్పుడు సంకేతం జోలికి పోకూడదు, దాని ముందున్న అంకెనే మార్చాలి. ఆ తేడా ‘తుల్యం చేయడం’లో నిలుస్తుంది, ‘సరిచేయడం’లో చెదిరిపోతుంది.